నొక్కిన చెయ్యి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా ఎడమ అరచేతిలో ఒక బరువుంది. ఏళ్ల తరబడి దాన్ని మోస్తూనే తలెత్తుకుని తిరుగుతున్నాను.

మా ఇంటిపేరు వింటే ఒకప్పుడు ఆనందపురం దాకా జనం లేచి నిలబడేవారట. నేను పుట్టేసరికి భూములు లేవు. గాజువాకలో ఇనుప సామాన్ల కొట్టు మీద రెండు అద్దె గదులు, గోడకి తలపాగాతో తాతగారి ఫొటో మిగిలాయి. వెన్ను వంచకూడదని మాత్రం నాన్నగారు నేర్పారు. కబడ్డీలో వంగే నిలబడాలి. ఆ ఆట నాకెందుకు నచ్చిందో ఇప్పటికీ తెలియదు.

నూకరాజు మా జట్టులో ఎడమ కార్నర్. పరవాడవాడు. వాళ్ల తాత మా పొలాల్లో పాలేరు. కోర్టు చివర అతను, పక్కనే అతని చెయ్యి పట్టుకుని నేను. రైడర్ కూతకొచ్చినప్పుడు కార్నర్ దూకి చీలమండ పట్టాలి. పక్కవాడు ఆ క్షణంలోనే రైడర్ మీద పడి బరువు పంచుకోవాలి. నోటితో చెప్పుకుంటే రైడర్ వింటాడు. కనుక చెయ్యి నొక్కుతాం. నొక్కితే, నేనున్నాను వెళ్లు అని అర్థం. అది చూసేవాళ్లకి కనబడదు. అంపైరుకీ కనబడదు.

కబడ్డీ లీగ్ ఆటగాళ్ల వేలంలో అతని పేరు చదివినప్పుడు ఏ జట్టూ తీసుకోలేదు. టీ కొట్టు దగ్గర అందరం ఫోనులో చూశాం. "సాయంత్రం దాకా అమ్ముడవని సేపనైపోనాను" అని అతనే నవ్వేశాడు. నాకు లోపలెక్కడో చల్లగా అనిపించింది. అదీ చెప్పాలి. సీజన్ మధ్యలో ఒక జట్టు కార్నర్ గాయపడితే ఇతన్ని పిలిచారు. వారాల తరబడి బెంచీ మీద కూర్చున్నాడు, చివరి ఆటల్లో దిగాడు, బాగా పట్టాడు, అయినా వదిలేశారు. తిరిగొచ్చి పొద్దున ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు పని, సాయంత్రం సాధన. నన్ను మాత్రం ఎవరూ ఒక్కసారీ పిలవలేదు.

ఆ ఏడు మా టోర్నమెంటుకి నూకరాజుని చూడటానికే ఒక లీగ్ జట్టు కోచ్ వచ్చాడు. ఇంకో అవకాశం ఉండదని అందరికీ తెలుసు. కోర్టులోకి దిగే ముందు, నన్నెప్పుడూ 'బాబూ' అనే నూకరాజు, ఆ కంగారులో మిగతావాళ్లని పిలిచినట్టే పిలిచాడు.

"బావా, నువ్వు సెయ్యి నొక్కు సాలు. నాను కళ్లు మూసుకుని దూకేత్తాను."

జట్టులో ఒకడు పకపకా నవ్వాడు. "ఏట్రా, దొరబాబుని బావంటన్నావు? ఆల్ల సెల్లినిచ్చేత్తారనుకున్నావేటి?"

అందరూ నవ్వారు. నూకరాజూ నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆఖరి నిమిషాల్లో రైడర్ మా మూలకి వచ్చి కాలు చాపాడు. నేను చెయ్యి నొక్కాను. నూకరాజు దూకాడు. చీలమండ దొరికింది. నేను నిలబడ్డాను.

ఎంతసేపు? రెప్పపాటు. కాళ్లు మొద్దుబారాయని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మొద్దుబారలేదు. వెన్ను నిటారుగా పెట్టి, నా ఇష్టంతోనే నిలబడ్డాను. కోచ్ ముందు అతను ఒక్కసారి మట్టికరిస్తే చాలనుకున్నాను. మోకాలు విరగాలని కోరుకున్నావా అని అడిగితే లేదనే అంటాను, కానీ ఆ రెప్పపాటులో నా లోపల ఏముందో ఇప్పుడు దేనితో కొలవను? రైడర్ బరువంతా అతని మోకాలి మీద తిరిగింది. అది విరిగిన చప్పుడు విన్నాకే నేను రైడర్ మీద పడ్డాను. చూసినవాళ్లకి అంతా ఒకేసారి జరిగినట్టుంది.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఆటోలో అతని తల నా ఒళ్లో ఉంది.

"నువ్వు నొక్కినట్టే ఉంది బాబూ. నానే తొందరపడిపోనానా?"

మళ్లీ బాబూ.

"నేను నొక్కలేదు" అన్నాను.

"అయితే నాదే తప్పు" అన్నాడు.

ఆ మోకాలు మళ్లీ ఆటకి పనికిరాలేదు. ఇప్పుడు గాజువాకకీ పరవాడకీ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. దిగేటప్పుడు ఆ కాలుని చేత్తో ఎత్తి కింద పెట్టుకుంటాడు. ఎవరైనా అడిగితే, "తొందరపడి దూకీసినాను" అని నవ్వుతాడు. ఆ మాట అతని నోట్లో పెట్టింది నేనే. కాలు తీసింది చాలక, తన ఒడుపు మీద అతనికున్న నమ్మకాన్ని కూడా తీసేశాను.

నన్ను చూస్తే ఆటో ఆపుతాడు. ఎక్కడానికి చెయ్యి అందిస్తాడు. అదే చెయ్యి. పట్టుకుంటాను. చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ గోడ మీది తలపాగా గుర్తొస్తుంది. నా మౌనం తాతగారి పరువు కోసమా? కాదు. భయం. తిడతాడని కాదు, క్షమిస్తాడేమోనని. అప్పుడు నేను అతని ముందు తల వంచాలి.

మీకు చెప్పినంత మాత్రాన ఆ మోకాలు వంగదు. అతనికి చెప్పే ధైర్యం ఇక రాదని నాకు తెలిసిపోయింది. ఈ ఒక్క మాట మాత్రం నా చేతిలోంచి బయటపడితే చాలు.

ఆ రోజు నూకరాజు తొందరపడలేదు. నేను నొక్కాను.