ఆకాశంలో ఎడం పక్క

యాభై దాటిన గుమస్తా యుద్ధవిమానం నడుపుతాడంటే మా పాలకొల్లులో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే క్షేమం. నేను కూల్చుకున్న సొంత విమానాలన్నీ తూకానికి వేస్తే ఆ ఇనుముతో గోదావరి మీద ఇంకో బ్రిడ్జి కట్టుకోవచ్చు. కంప్యూటర్లో ఆటేలెండి. ముక్కున ఫ్యాను తిరిగే పాతకాలం విమానాలతో, ఇంటర్నెట్టులో నానాదేశాల వాళ్ళతో కలిసి ఆడేది. నా కంప్యూటరు ఆన్ చేస్తే ఆ రొదకి, మా ఇంట్లో రైసు మిల్లు పెట్టామనుకుని ఒకాయన ధాన్యం బస్తాతో వచ్చి అరుగు మీద కూచున్నాడు. కాఫీ ఇచ్చి పంపించాం.

మా జట్టు నాయకుడు మా బావమరిది. రాజమండ్రిలో నోరు మెదపని ఉద్యోగి, మైకు పెట్టుకుంటే మాత్రం సర్వసేనాని. ఆదివారం చర్చి నించి వచ్చి, భోజనాలయ్యాక, వేరే జట్టుతో పోటీకి దిగుతాం. అతని వెనకాలే ఎగురుతూ అతని వెనక కాపలా కాయడం నా పని. ఆఫీసులో నన్ను ఓ మూల కూచోబెట్టే వాళ్ళే గానీ, నా వెనక నువ్వుండు అని నమ్మి అడిగినవాడు ఇతనొక్కడే. ఆ చోటు ఊడే రోజు వచ్చింది.

ఎందుకంటే, శత్రువు ముక్కుకి ముక్కు పెట్టి ఎదురొస్తే నేను బతకను. వాడి గుళ్ళు తగిలి కాదు. వాణ్ణి గుద్దుకుని.

"బావగారూ, ఆకాశం ఎంతుంటుందో తెలుసాండీ?" అన్నాడు బావమరిది, శనివారం పొద్దున్నే ఫోన్ చేసి.

"చాలానే ఉంటుంది."

"అంత ఆకాశంలో మీకూ ఆ ఎదురొచ్చేవాడికీ జాగా చాల్లేదా? రేపు కూడా గుద్దుకున్నారనుకోండి, మీ చోట్లో మా ఆఫీసు క్యాషియర్ గారిని పెట్టేస్తాను. ఆయనకి ఎదురుగా ఉన్న కాఫీ కప్పే కనపడదు. అయినా ఎవర్నీ గుద్దడు. తర్వాత మా అక్కతో చెప్పి అలగొద్దు."

అలగలేదు. అన్నం మాత్రం మూడోసారి పెట్టించుకోలేదు, దాంతో మా ఆవిడకి విషయం తెలిసిపోయింది. ఆవిడ కాలవ గట్టు రోడ్డు మీద స్కూటర్ వేసుకుని రోజూ బడికి వెళ్ళి పాఠాలు చెప్పొచ్చే టీచరు. నా పాత చావులన్నీ కంప్యూటర్లో రికార్డయి ఉంటాయి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, పక్కన కూచుని వాటిని వరసగా చూసింది.

"ఏమండీ, మీరు ప్రతిసారీ ఎడం పక్కకే తప్పుకుంటున్నారేంటి?"

"మరి ఏ పక్కకి తప్పుకుంటారు? రోడ్డు రూలు కదా."

"ఆ ఎదురొచ్చేవాళ్ళ దేశంలో రోడ్డు రూలు కుడి పక్క అనుకుంటాను. వాడు వాడి కుడికి తప్పుకుంటున్నాడు. మీ ఎడమా వాడి కుడీ ఒక వైపే కదండీ."

విమానం తిప్పే స్టిక్కు పట్టుకున్న నా చేతిని చూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ గట్టు రోడ్డు మీద తిరిగిన చెయ్యి ఇది. ఎదురుగా సైకిలొచ్చినా, గేదొచ్చినా, యుద్ధవిమానమొచ్చినా దానంతటదే ఎడం పక్కకి పోతుంది. పాపం ఆ శత్రువులు కూడా మర్యాదస్తులే. దారిద్దామనుకుని చచ్చారు.

"అయితే కుడికి తిరగనా?"

"ఏ ఊరండీ మీదని వాణ్ణి అడిగి తిరుగుతారా? గట్టు నిండా గడ్డి వేసుకుని ట్రాక్టరొస్తే నేనేం చేస్తాను? ఎడమా లేదు, కుడీ లేదు. అది దూరంగా ఉండగానే చేలోకి దిగే దారి చూసుకుని దిగిపోతాను. అది పైనించి పోగానే ఎక్కుతాను. మీద పడే దాకా ఆగితే ఆ గడ్డిలో నన్ను వెతుక్కోవాలి."

సాయంత్రం దాకా అదే సాధన. మొదట ఆలస్యంగా దిగి గుద్దుకున్నాను. తర్వాత మరీ దిగి సముద్రంలో పడ్డాను, ఆ దెబ్బకి ఎన్ని చేపలు చచ్చాయో. చీకటి పడే ముందు కుదిరింది. ముందే కిందకి దిగితే నేను వాడి ముక్కు చాటున పడతాను, వాడికి కనపడను. నన్ను కాల్చాలంటే వాడు ముక్కు నేలకి పొడవాలి.

ఆదివారం పోటీలో బావమరిది వెనకాల వెళ్తుంటే, ఎదురుగా ఒకడు సూటిగా నా మీదికే వచ్చాడు. నా ఎడం భుజం అప్పుడే ఎడం పక్కకి వంగిపోయింది. మా ఆవిడ వెనకనించి ఆ భుజం పట్టుకుని నిటారుగా కూచోబెట్టింది. వాడింకా ఈగంత ఉండగానే స్టిక్కు ముందుకి తోసి కిందికి దిగాను. వాడి గుళ్ళు నా నెత్తి మీంచి పోయాయి, వెనకే వాడూ పోయాడు. వెంటనే పైకి లేపి తిరిగితే, ఎదురుగా వాడి తోక.

ఉన్న గుళ్ళన్నీ కాల్చాను. ద్రాక్షారామం దాకా పోయుంటాయి గానీ వాడికి ఒక్కటీ తగల్లేదు. వాడు మాత్రం బెదిరి పక్కకి తిరిగి, సరిగ్గా వెనక్కి తిరిగొస్తున్న బావమరిది తుపాకుల ముందు పడ్డాడు.

వాణ్ణి కూల్చేసి బావమరిది మైకులో పిలిచాడు.

"బావగారూ, ఉన్నారాండీ?"

"ఉన్నాను."

"ఎక్కడ?"

"నీ వెనకాలే."

"సరే, పెట్రోలు అయిపోతోంది. ఇంక దిగిపోదాం రండి," అన్నాడు.

"దిగడం ఎలాగ?" అన్నాను. "నాకింతవరకూ ఆ అవసరం రాలేదు."

అవతల నవ్వాపుకుంటున్నట్టు దగ్గాడు. "మెల్లిగా నా వెనకే రండి, చెప్తాను. ఇవాళ కాకపోతే వచ్చే ఆదివారానికి వచ్చేస్తుంది."