జపనీస్‌కు నోటిఫికేషన్ పడలేదు

గ్రూప్స్ పరీక్షలు నన్ను వదిలించుకున్నాక నేను జపనీస్‌ను పట్టుకున్నాను. నారాయణగూడలో ఒక మేడ మీది క్లాసులో మొదటి రెండు పుస్తకాలు ఎలాగో గట్టెక్కాయి. ఈలోగా మా నాన్నకు ఓపిక అయిపోయింది. "గీ దసరా లోపట నౌకరి దొరకకపోతే పెదనాన్న దుకాణంల కూసో" అని తేల్చేశాడు. పెదనాన్నది చిక్కడపల్లిలో పెళ్లి పత్రికల దుకాణం. అక్కడ కూర్చుంటే ఊరందరి పెళ్లిళ్లకూ అచ్చుతప్పులు దిద్దుతూ ముసలిదాన్నైపోతానని నాకు నిజంగానే భయం. హిమాయత్‌నగర్‌లో ఒక జపాన్ కంపెనీ ఆఫీసుకు మనిషి కావాలని మా టీచరు చెప్పింది. జపనీస్‌లో చదివి, చదివినదాని గురించి మాట్లాడగలిగితే చాలట.

చదవడానికేముంది? అదే చిక్కు. మొదటి పుస్తకాల్లో "ఇది కుర్చీ, అది పిల్లి" అని ఉంటుంది. ఆ తర్వాత తిన్నగా దినపత్రిక. మధ్యలో ఉన్నవాళ్లది రెంటికీ చెడ్డ రేవడి బతుకు.

ముందు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లాను. అక్కడ లైబ్రరీ పుస్తకాలను ముట్టుకునేవాళ్లు తక్కువ. అందరూ తమ పుస్తకాలు తామే తెచ్చుకుని, పొద్దున్నే కుర్చీ మీద రుమాలు పరిచి సీటు పట్టేస్తారు. జపనీస్ పుస్తకాలున్నాయా అని అడిగితే కౌంటర్ దగ్గరి ఆయన నన్ను జాలిగా చూసి, జపాన్‌లో వరి సాగు మీద ఇంగ్లిష్ పుస్తకం ఒకటి దుమ్ము దులిపి ఇచ్చాడు. "దేశమైతే గదే కదమ్మా" అన్నాడు.

చివరికి నెట్‌లో దొరికాయి. నాలాంటి మధ్యరకం వాళ్ల కోసమే ఎవరో పుణ్యాత్ములు చిన్న చిన్న కథలు రాసి, కష్టమైన అక్షరాల నెత్తిన ఎలా పలకాలో కూడా వేసి, ఉచితంగా పెట్టారు. తేలిక మాటల్లో వార్తలు, వంటలు, ముసలివాళ్ల ముచ్చట్లు, ఏది కావాలంటే అది. హాయిగా ఫోన్‌లో చదువుకోవచ్చు. కానీ నేను కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్ మనిషిని. మా దగ్గర చదివేది ఏదైనా కాగితం మీద ఉండాలి, దానికి స్పైరల్ బైండింగ్ ఉండాలి, దాన్ని మెటీరియల్ అనాలి.

మొదటి పేజీ మిషన్‌లోంచి రాగానే జిరాక్స్ సెంటర్ అన్న కళ్లు చిట్లించాడు.

"ఏం ఎగ్జామ్ అక్కా ఇది?"

"జపనీస్ అన్న."

"నోటిఫికేషన్ పడ్డదా?"

"దీనికి నోటిఫికేషన్ ఉండదన్న. ఉత్త కథలు."

నా వెనక లైన్లో ఉన్న అమ్మాయి నమ్మలేదు. పోటీ తగ్గించుకోవడానికి అబద్ధమాడుతున్నానని ఆమె చూపులోనే తెలిసిపోయింది. "నాక్కూడ ఒక సెట్ తియ్యి అన్న" అంది. ఆమె వెనకాయన కూడా తీయించుకున్నాడు. ఆ కథలను వాళ్లేం చేసుకున్నారో దేవుడికెరుక.

నేనేం చేశానో మాత్రం చెబుతాను. ప్రతి కథనూ బిట్లుగా విరగ్గొట్టాను. కుక్క రంగేమిటి? వాన ఏ వారం పడింది? అత్తగారు దాచిన మిఠాయి తిన్నదెవరు? అడిక్‌మెట్ నుంచి వచ్చే నా స్నేహితురాలు అడుగుతుంటే టకటకా అప్పజెప్పేదాన్ని.

ఇంటర్వ్యూలో జపాన్ మేనేజరు, నడివయసు ఆవిడ, ఒక పేజీ చేతికిచ్చింది. సంతకు వెళ్లిన ఒక ముసలావిడ పళ్లు చూసి, చేత్తో తడిమి, కొనకుండానే ఇంటికొచ్చేస్తుంది. తడబడకుండా చదివేశాను.

"ఎందుకు కొనలేదంటారు?" అని అడిగింది.

నాలుగు ఆప్షన్లు ఇస్తుందేమోనని ఆవిడ ముఖం వైపు చూశాను. ఇవ్వలేదు.

"కథలో లేదండీ" అన్నాను.

"లేదు. మీకేమనిపించింది?"

ఏమీ అనిపించలేదు. అనిపించాలని కూడా తెలియదు. ఆవిడ మర్యాదగా, ఇంకొంచెం చదువుకుని దసరాకు ముందు మళ్లీ రమ్మంది. బయటికొచ్చి పానీపూరీ బండి దగ్గర నిలబడి తింటూ సిగ్గు లేకుండా ఏడ్చాను. నీళ్లు కారమయ్యాయనుకుని బండాయన నాకొక ఉత్త పూరీ ఇచ్చాడు.

మర్నాడు లైబ్రరీలో ఫోన్‌లో కొత్త కథ తెరిచాను. పెన్ను సంచిలోంచి తీయలేదు. ఒక ముసలాయన కొత్త గొడుగు కొని, తడిస్తే పాడవుతుందని దాన్ని చొక్కాలో దాచుకుని వానలో నానుతూ ఇంటికొస్తాడు. భార్య తల తుడవబోతే ముందు గొడుగు తుడవమంటాడు. మా నాన్న టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, ఆ కవరు చిరగకుండా ఇంకో కవరు తొడిగాడు. అది గుర్తొచ్చి ఒక్కసారిగా పగలబడి నవ్వాను. హాలంతా నా వైపు తిరిగింది.

"అక్కా, జర సైలెంట్. ఇక్కడ చదువుకుంటున్నం" అన్నాడు ఎదుటి కుర్చీ అబ్బాయి.

"నేను గూడ చదువుతున్న తమ్మీ."

"చదివేటోళ్లు నవ్వుతరా?"

మెట్ల మీద కూర్చుని మిగతా కథ పూర్తిచేశాను. ఆ తర్వాత అక్కడే కూర్చుని చాలా కథలు చదివాను.

దసరాకు ముందు మళ్లీ వెళ్తే, ఈమధ్య ఏం చదివారని అడిగింది మేనేజరు. గొడుగు ముసలాయన గురించి చెప్పాను, అక్కడితో ఆగలేక మా నాన్న రిమోట్ గురించి కూడా చెప్పాను. ఆవిడ బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వింది. వాళ్లమ్మ, బహుమతిగా వచ్చిన కొత్త తువ్వాళ్లన్నీ బీరువాలో దాచి, చిల్లులు పడ్డ తువ్వాలుతోనే ఒళ్లు తుడుచుకుంటుందట. ఇక ఇద్దరం మా మా పెద్దవాళ్ల మీద తీరిగ్గా చాడీలు చెప్పుకున్నాం. నా జపనీస్‌లో సగం తప్పులే. ఆవిడ ఒక్కటీ దిద్దలేదు. సోమవారం నుంచి రమ్మంది.