రేకుల బాబాయి అరగంట

మా ప్రయోగశాలలో ఆయన్ని అందరం రేకుల బాబాయి అనేవాళ్ళం. ఎనిమిది మీటర్ల ఉక్కు గొట్టం, దాని మధ్యలో పలచటి అల్యూమినియం రేకు. ఒకవైపు గ్యాసు ఎక్కిస్తూ పోతే రేకు ఫట్‌మని చిరుగుతుంది. ఆ దెబ్బకి రెండోవైపున్న ఇంధనపు ఆవిరి ఒక్కసారిగా వేడెక్కి అంటుకుంటుంది. ఇలా ఒకసారి పేలిస్తే ఒక షాట్ అయినట్టు. వేడెక్కాక అంటుకోవడానికి ఎంతసేపు పట్టిందో కొలవడమే మా పనంతా. అది రెప్పపాటులో నూరోవంతు ఉంటుందంతే. ఆ కాస్తకోసం రేకులు కత్తిరించి బిగించడం, విప్పడం, గొట్టం తుడవడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని.

తుడవడమంటే ఏదో గుడ్డేసి రుద్దడం కాదు. పొడవాటి కడ్డీకి గుడ్డ చుట్టి, ద్రావకంలో ముంచి, రేకు ముక్కలూ మసీ పోయేదాకా లోపల తిప్పాలి. తర్వాత ఆ ద్రావకం ఆవిరి బయటికి పోవడానికి అరగంట పంపు నడపాలి. కొంచెం మిగిలినా అదీ ఇంధనంతో కలిసి కాలి లెక్క తప్పిస్తుంది. ఆ అరగంటంటే నాకు పరమ చిరాకు. "రోజుకి ఆరు షాట్లైనా కాకపోతే నాకు పీహెచ్‌డీ పట్టా ముసలిదాన్నయ్యాకే వస్తుంది బాబాయ్" అని ఆయన ప్రాణం తీసేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. మధ్యాహ్నం పంపు పక్కన స్టూలేసుకుని ఒక్కడే తన డబ్బా విప్పుకునేవాడు. రమ్మంటే "పంపు చూసుకోవాలమ్మా" అనేవాడు. దాన్ని చూసుకోవాల్సిందేం లేదు, దాని మానాన అది తిరుగుతుంది. అయినా మేం రెండోసారి పిలవలేదు.

మా కొత్త ఇంధనం ఒక వేడి దగ్గర మాత్రం సిద్ధాంతం చెప్పినదానికన్నా చాలా ముందే అంటుకుంది. నా సంబరం చూడాలి! గొట్టంలో ఏదైనా తప్పేమోనని నేనే నసిగితే, మా గైడు సార్ "బాబాయి చేతిపని మీద నాకు అనుమానం లేదు" అనేశారు. పత్రం రాశాం. శుక్రవారం పత్రికకి పంపాలి. ఎందుకైనా మంచిదని మంగళవారం అవే షాట్లు మూడు మళ్ళీ చేస్తే, మూడూ నిదానంగా అంటుకున్నాయి. బుధవారమూ అంతే. తీగల్ని తిట్టాను, సెన్సర్లని తిట్టాను, చివరికి "ఏం మార్చారు బాబాయ్?" అని ఆయన మీద పడ్డాను.

గురువారం సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ పత్రం పంపకమ్మా. నీకు తొందరగా అంటుకున్న షాట్లు ఉన్నాయే, అప్పుడు నేను పంపు అరగంట నడపలేదు. పది నిమిషాలే నడిపా. సరిపోతుందిలే అనుకున్నా."

ఇంకో నాలుగు నెలల్లో ఆయన రిటైరవుతున్నాడు. నోరు మెదపకుండా ఉంటే ఆయన మంచిపేరు ఆయనకుండేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆ క్షణాన నాకు అదేం తట్టలేదు. రెండేళ్ళ కష్టం నీళ్ళపాలైందన్న ఉక్రోషంతో నోటికొచ్చినట్టు అరిచాను.

"పంపు పుస్తకంలో తప్పుడు టైములు రాసి నన్ను నిలువునా ముంచారు కదా!"

"తప్పుడు టైము రాయలేదమ్మా. పంపు వేసింది, ఆపింది, ఉన్నదున్నట్టే రాశా. చూడు."

ఆయన రోజూ రాసే ఆ పుస్తకం లాగి చూశాను. 11.05కి వేశాడు, 11.15కి ఆపాడు. పేజీ పేజీకీ అంతే. ప్రతి పేజీ కిందా సరిచూసినట్టు నా సంతకం. ఒక్కటీ చూసి పెట్టింది కాదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎందుకిలా చేశారు బాబాయ్?"

"ఆసుపత్రిలో సాయంత్రం ఐదింటి దాకానే లోపలికి రానిస్తారు. నీకేమో ఆరు షాట్లు కావాలి. ఇంకేం చెయ్యను?"

"ఆసుపత్రిలో ఎవరు?"

"మీ పిన్ని."

ఆవిడకి ఒంట్లో బాగోలేదన్న సంగతే నాకు తెలియదు. పనికొచ్చే షాట్లేవో తేల్చాలన్న వంకతో పేజీలు తిప్పాను. ఆ వేడి దగ్గర షాట్లు చేసిన పదకొండు వారాలూ అన్నీ పది నిమిషాలే. తర్వాత ఒక సోమవారం నుంచి మళ్ళీ అరగంట. అక్కణ్ణుంచి ఒక్కరోజూ తప్పలేదు.

"ఇక్కణ్ణుంచి మళ్ళీ అరగంట నడిపారు," అన్నాను ఆశగా. "పిన్నికి నయమైందా?"

"లేదమ్మా. ఆ సోమవారానికి ముందు గురువారమే పోయింది. ఇక నాకు తొందరేముంది?"

ఆ సోమవారం నాకు గుర్తుంది. రెండ్రోజులు ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి వచ్చాడు. "హాయిగా పడుకుని వచ్చారా, నా షాట్లు గాలికొదిలేసి?" అని అందరి ముందూ వెక్కిరించాను. అప్పుడూ నవ్వాడు. నేను ఇంటికి వెళ్ళిపోయాక కూడా ఉండి, ఆ రోజు ఆరు షాట్లూ పూర్తిచేశాడు.