నాలుగు పచ్చిమిరపకాయల కేసు

మా మనవరాలు పరాయి దేశంలో నాలుగు పచ్చిమిరపకాయలు దొంగిలించి అరెస్టయింది. దాన్ని విడిపించడానికి ఆ దేశం వాళ్ళు తమ నిఘంటువులో ఒక తెలుగు మాట చేర్చుకోవాల్సి వచ్చింది.

అరెస్టు అంటే మరీ బేడీలు వేశారని కాదు. ఒక గదిలో కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నిఘంటువు సంగతి కూడా కాస్త సాగదీశాను. ఒక కొట్టు మేనేజరమ్మ ఆ మాటని రెండు మూడుసార్లు నోట్లో తిప్పి చూసుకుంది, అంతే. పచ్చిమిరపకాయలు మాత్రం అచ్చంగా నాలుగే, అందులో నేనేమీ కలపలేదు. అబద్ధాలాడితే నరకానికి పోతారని చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు చెప్పారు గానీ, ఉన్నదాన్ని పెంచి చెబితే ఎక్కడికి పోతారో చెప్పలేదు. ఆ సందులోంచే ఇన్నేళ్ళూ దూరి బతికేస్తున్నాను.

ఈ పిల్లని మా ఇంట్లో గుమాస్తా అంటాం. పలక పట్టే వయసులోనే దాని బిస్కెట్ ప్యాకెట్లోంచి నేనొకటి లాగితే ఏడవలేదు, అరవలేదు. మర్నాడు నా కాఫీ గ్లాసు ముందు కూర్చుని, "తాతయ్యా, నిన్నటి బాకీ" అని ఒక గుక్క తాగి వెళ్ళిపోయింది. అలాంటిది వంతెనలు కట్టే చదువు కోసం సముద్రం దాటింది. పెట్టె సర్దేటప్పుడు వాళ్ళమ్మ అన్నిటికన్నా అడుగున స్టీలు పోపుల పెట్టె పెట్టింది, ఆవాలూ జీలకర్రా ఇంగువా నింపి.

అక్కడికి వెళ్ళిన మొదటి నెలలోనే గుమాస్తా ఆ పోపు సామానంతా కవర్లలోకి ఒంపేసి, గిన్నెల్లో డబ్బు పెట్టింది. సాయంత్రాలు ఒక లాండ్రీలో పని చేసేది. హోటళ్ళ దుప్పట్లు వేడివేడిగా మిషన్లోంచి వస్తాయి, ఎదురుగా ఇంకొకరు కొసలు పట్టుకుంటే ఇద్దరూ కలిసి మడత పెట్టాలి. చదువుకునేవాళ్ళు ఇన్ని గంటలే పని చెయ్యాలని అక్కడ రూలు, అందుకని జీతం పెరిగే దారి లేదు. వారం చివర చేతికిచ్చిన నోట్లు తెచ్చి ఏడు గిన్నెల్లో పంచేది. మధ్య గిన్నె అద్దెకి. చుట్టూ ఉన్నవి బస్సుకి, ఫోనుకి, పుస్తకాలకి, సబ్బులకి, పొట్టకి. ఆఖరు గిన్నె పేరు అయ్యో.

"అయ్యో ఏమిటే?" అంది మా ఆవిడ వీడియో కాల్లో.

"పన్ను నొప్పెడితే అయ్యో, చెప్పు తెగితే అయ్యో అమ్మమ్మా. ఇంతవరకూ చెప్పు ఒక్కటే తెగింది."

ఒక గిన్నె ఇంకో గిన్నె దగ్గర ఊరికే తీసుకోవడానికి వీల్లేదు. పొట్ట గిన్నె బస్సు గిన్నె దగ్గర చేబదులు పుచ్చుకుంటే ఆ వారమంతా కాలేజీకి నడక. పెట్టె ఎంత తోమినా ఇంగువ వాసన పోలేదు, నోట్లన్నిటికీ పట్టేసింది. అది బస్సెక్కి నోటివ్వగానే డ్రైవరు తుమ్మేవాడట. ఆ తుమ్ము విని మిగతా ప్రయాణికులు జరిగి చోటిచ్చేవాళ్ళు. ఈ చివరి వాక్యం నాది.

అలా ఏడాదిన్నర లాక్కొచ్చింది. ఇంకొక్క సెమిస్టరు ఉందనగా చలికాలం వచ్చింది. గది వెచ్చబెట్టే ఖర్చు పెరిగిందని ఇంటావిడ అద్దె పెంచింది. మూడో అంతస్తులో గది, కిటికీ తీస్తే పక్కింటి గోడ, హీటరు టకటకమని చప్పుడు చేస్తుందే తప్ప వేడెక్కదు. అయినా కాలేజీకి అంతకన్నా దగ్గరలో అంతకన్నా చవకది లేదు. మధ్య గిన్నె నోరు తెరిచి పొట్ట గిన్నెని ముప్పాతిక మింగింది, అయ్యోలోంచి కూడా నంజుకుంది. నాన్నని అడగొచ్చు. అడిగితే మా అల్లుడు కిక్కురుమనకుండా పంపిస్తాడు, పంపించి తన స్కూటరు అమ్మేసి పక్కింటాయన స్కూటరు వెనకాల కూర్చుంటాడు. అది దానికి తెలుసు. అందుకే అడగలేదు.

ఆ వారం పొట్ట గిన్నెలో మిగిలినవి చిల్లర నాణేలు. లాండ్రీ నుంచి వస్తూ పెద్ద కూరల కొట్లో దూరింది. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, రెండు టమాటాలు. ఎంతవుతుందో లోపలే లెక్కేసుకుని, ఎక్కువైతే ఒక ఉల్లిపాయ వెనక్కి పెట్టేసి, కౌంటరు దగ్గర నిలబడింది. అక్కడున్నాయన తలనెరిసిన మనిషి, పెద్ద మీసం. తూకం వేశాడు, డబ్బు తీసుకున్నాడు, చీటీ ఇచ్చాడు. పక్కనే చిన్న బుట్టలో పచ్చిమిరపకాయలు. దాని కుడిచెయ్యి తలతో మాటమాత్రం చెప్పకుండా ఆ బుట్టలోకి వెళ్ళింది. నాలుగు కాయలు తీసింది. మీసాలాయన కళ్ళ ముందు ఎత్తి చూపించింది. నవ్వింది. సంచిలో వేసుకుంది.

నన్నడిగితే ఆ చెయ్యి దానిది కానే కాదు, మా ఆవిడది. వారం వారం ఈ పిల్లని వెంటేసుకుని బజారుకెళ్ళేది. తూకం అయ్యాక, "ఏం నాయనా, కొసరు వెయ్యవా?" అంటూనే రెండు వంకాయలు తీసి వాడికి చూపించి సంచిలో వేసేది. "మీ కొసరుతోనే నా కొట్టు మూతబడుతుందమ్మా" అని వాడు తిడుతూనే పైన కరివేపాకు రెబ్బ పడేసేవాడు. పదేళ్ళపాటు చూసిన చెయ్యి మరి ఊరుకుంటుందా?

గుమ్మం దగ్గర కాపలా మనిషి ఆపాడు. చీటీ చూశాడు, సంచి చూశాడు, చీటీలో లేని నాలుగు కాయలు చూశాడు. వెనకవైపు గదిలోకి తీసుకెళ్ళాడు. కిటికీ లేదు. ఒక మూల తడిగుడ్డ కర్ర, బకెట్టు. గోడకి కెమెరా తెరలు. మేనేజరమ్మ బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద నాలుగు మిరపకాయల్నీ వరసగా పెట్టింది, శవపరీక్షకి వచ్చినట్టు. ఫోను దగ్గరికి లాక్కుంది.

గుమాస్తాకి అప్పుడు అర్థమైంది తనేం చేసిందో. దొంగతనం అన్న ఒక్క మాట పోలీసుల ద్వారా కాలేజీకి చేరితే చదువు ఆగిపోతుంది. చదువు ఆగితే ఆ దేశంలో ఉండే అనుమతి పోతుంది. అయ్యో గిన్నెలో ఇంత పెద్ద అయ్యోకి చోటు లేదు.

వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. నేను మన భాషలో చెబుతున్నాను.

"డబ్బు కట్టకుండా తీసుకున్నారు కదా?"

"తీసుకున్నానండీ. కానీ దొంగతనం కాదు. కొసరు."

"అంటే? తగ్గింపా?"

"కాదండీ, ధర తగ్గదు."

"బహుమతా?"

"బహుమతైతే ఇచ్చేవాళ్ళ ఇష్టం. ఇది మేం అడుగుతాం."

"హక్కా అయితే?"

"హక్కూ కాదు." గుమాస్తా వెతుక్కుంది. చనువు అన్న మాటకి ఆ భాషలో మాట దొరకలేదు. "మళ్ళీ వారం కూడా మీ దగ్గరికే వస్తానని నేననడం. రా అని మీరనడం. గుప్పెడు తీస్తే నాది తప్పు, అసలేమీ వెయ్యకపోతే మీది తప్పు."

"ఎంత తీసుకోవాలో ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరండీ. తెలుస్తుంది."

"ఇది కొట్లోనేనా?"

"ఇంట్లో కూడా. అన్నం తింటూ చాలంటాం. మా అమ్మమ్మ వినిపించుకోదు, ఇంకో గరిటె వేస్తుంది. దాన్ని కొసరి వడ్డించడం అంటాం. ఇక్కడ నేను చాలంటే..." లాండ్రీ దుప్పట్ల మధ్య గానీ, హీటరు చప్పుడులో గానీ ఏడవని పిల్ల, నాలుగు మిరపకాయల ముందు కూర్చుని ముక్కు చీదుకుంది.

మేనేజరమ్మ చెయ్యి ఫోను మీదే ఉంది. "కథ బాగుంది. కానీ దొంగతనం చేసిన వాళ్ళందరి దగ్గరా ఏదో ఒక కథ ఉంటుంది."

గుమాస్తా ముక్కు తుడుచుకుంది. లెక్కల మనిషి కదా, తేరుకోవడం కూడా తొందరే. "కొసరు ఎప్పుడూ అమ్మేవాళ్ళ కళ్ళ ముందే తీసుకోవాలండీ. చాటుగా తీస్తే అది దొంగతనమే. మీ కెమెరాలో చూడండి, నేను ఎలా తీశానో."

చూశారు. తెర మీద గుమాస్తా నాలుగు కాయలూ ఎత్తి, హారతి చూపించినట్టు మీసాలాయన మొహం ముందు చూపించింది. ఆయన తల ఊపాడు. మీసాలాయన్ని పిలిపించారు.

"ఆవిడ చూపించింది, మీరు తల ఊపారు. ఎందుకు?"

"నవ్వింది కదా, మేడమ్. వాళ్ళ దేశంలో వెళ్ళొస్తానని అలా చెబుతారేమో అనుకున్నాను."

మేనేజరమ్మ ఫోను మీంచి చెయ్యి తీసేసింది. నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుందట. ఆ తర్వాత మొహం గట్టి చేసుకుని, "ఇవి బిల్లు వెయ్యండి. కొట్టు రూలు కొట్టు రూలే" అంది.

మీసాలాయన నాలుగు కాయల్నీ కౌంటరు దగ్గరికి తెచ్చి తూకం మిషను మీద పెట్టాడు. మిషను కిమ్మనలేదు. బరువు చాలదు. చేత్తో నొక్కబోయాడు గానీ మేనేజరమ్మ చూస్తోంది.

"ఇంకొన్ని తెచ్చి వెయ్యమ్మా, అప్పుడు పలుకుతుంది" అన్నాడు.

"ఈ వారం బడ్జెట్లో ఇంకొన్ని లేవండీ" అంది గుమాస్తా.

ముగ్గురూ ఆ కాయల వంక చూస్తూ నిలబడ్డారు. అమ్మడానికి మిషను ఒప్పుకోదు, బుట్టలో తిరిగి వెయ్యడానికి అప్పటికే అందరి చేతులూ పడ్డాయి.

"ఏమన్నావ్ ఆ మాట? కొ..."

"కొసరు."

"కోసారు." మేనేజరమ్మ మళ్ళీ అంది. "కొసరు. తీసుకెళ్ళు. ఇంకెప్పుడూ చెయ్యకు."

ఆదివారం ఇదంతా వాళ్ళమ్మమ్మకి చెబుతుంటే, నేను పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. మా ఆవిడ మొదట, "నాలుగేనా? ఇంత గొడవకి గుప్పెడన్నా తీసుకోవాల్సింది" అంది. ఫోను పెట్టేశాక చాలాసేపు తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ఆ రాత్రి నేను చాలంటున్నా వినకుండా మూడుసార్లు వడ్డించింది. నేను కాదనలేదు.

రాసినంతవరకూ గుమాస్తాకి ఫోన్లో చదివి వినిపించాను. "ఎలా ఉందే?" అన్నాను.

"ఇది అమ్మ చదువుతుందా, తాతయ్యా?"

"చదవకుండా ఎలా ఉంటుంది?"

"అయితే చివర్న ఇది కూడా రాసుకో. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. నేను అసలు ఆ కొట్టుకే వెళ్ళలేదు."