సూపరింటెండెంటు మేడం సంచి సర్దిన సాయంత్రం

మా కార్యాలయ పూర్వ సూపరింటెండెంటు మేడం మొన్న ఆదివారం తాండూరులోని స్వగృహంలో కన్నుమూశారని తెలియజేయడానికి విచారిస్తున్నాము. సెలవు దినం చూసుకుని వెళ్లడం వల్ల ఏ పనిదినమూ నష్టపోలేదు. అది ఆమె పద్ధతి.

పదవిలో ఉన్నంతకాలం ఆమె ఎవరికీ మెమో ఇవ్వలేదు, గొంతు పెంచలేదు. అయినా వికారాబాద్‌లోని మా సెక్షనులో కాగితాలు కదిలేవి. అది మా ప్రతిభ అనుకునేవాళ్లం. ఆమె ప్రభావం మా మీద ఉందని అనుమానించదగిన సందర్భం ఒక్కటే: ఆమె కందిపప్పు డబ్బా మూత తీయగానే, గడియారంతో నిమిత్తం లేకుండా అందరికీ ఆకలయ్యేది. దాన్ని తాండూరు పప్పు ఖాతాలో వేశాము.

ఆమె రోజూ తాండూరు నుంచి రైల్లో వచ్చేవారు. సాయంత్రం బండి వేళకు ముందు కళ్లజోడు, నీళ్ల సీసా, ఖాళీ డబ్బా సంచిలో సర్ది, జర్రుమని జిప్పు లాగి లేచేవారు. తర్వాత మోకాలు మొరాయించడంతో కార్యాలయం వెనకే ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇక అందుకోవలసిన బండి లేదు. సంచి బల్ల కింద నోరు తెరుచుకుని పడి ఉండేది. అందరూ వెళ్లాక ఆమె తీరిగ్గా ఇంటికి నడిచేవారు.

అప్పటి నుంచే సెక్షను పనితీరు పడిపోయింది. పైవారు తగు చర్యలు తీసుకున్నారు. కొత్త కుర్చీలు వచ్చాయి. ఏకాగ్రత నేర్పడానికి నగరం నుంచి వచ్చిన నిపుణుడు మా చేత కళ్లు మూయించాడు. సీనియర్ అసిస్టెంటు గారు భోజన విరామం దాకా తెరవలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ధారూర్ నుంచి ఒక తల్లి, నర్సింగులో సీటొచ్చిన తన కూతురితో వచ్చింది. ఆదాయ ధ్రువపత్రం కావాలి.

"రేపు రాపో అక్కా," అన్నారు సీనియర్ అసిస్టెంటు.

"రేపు పొద్దుగాలనే కాయిదాలు ఇయ్యాలె సారూ. గిది లేకుంటే బిడ్డ సీటు ఇంకొకలకు పోతదంట."

"నేనేం జెయ్యాలె? మూడు బల్లలు దాటాలె అది."

ఆ పిల్ల గోడ వైపు తిరిగి నిలబడింది.

 మేడం ముందుగా వెళ్లడానికి గంట అనుమతి కోరుతూ కాగితం రాసి పెట్టారు. కళ్లజోడు, సీసా, డబ్బా సర్దారు. జిప్పు లాగారు. సంచి భుజాన వేసుకుని బయటకు నడిచారు.

"అరె, టైమైందా?" అన్నారెవరో. కలాలు పరుగెత్తాయి, కీబోర్డులు మోగాయి. సీనియర్ అసిస్టెంటు గారు చెయ్యి చాపి "తే అక్కా, జల్దీ తే!" అంటున్నారు. కాగితం మూడు బల్లలూ దాటి, లోపలి గదిలో సంతకమై, వెచ్చగా ఆ పిల్ల చేతిలోకి వచ్చింది.

"సల్లగుండు తమ్మీ," అంది తల్లి. ఉద్యోగంలో ఆయనకు అందిన తొలి ప్రశంస అదే. ఎలా స్వీకరించాలో తెలియక గడియారం చూశారు. చాలా టైముంది.

ఆఫీసు ముగిశాక నేను రైలుకు వెళ్లేసరికి మేడం ప్లాట్‌ఫారం బల్ల మీద మోకాలు రుద్దుకుంటూ కనిపించారు.

"ఏడికి మేడం?"

"ఏడికి లేదు. సంచి సర్ది మళ్ల కూసుంటే మీరు చల్లబడ్తరు. ఇంటికి పోతే మీ కిటికీలకెల్లి కనబడ్త. గందుకే ఇటొచ్చిన." తర్వాత ఆత్రంగా, "పిల్ల కాయిదం అయిందా?" అన్నారు.

"అయింది. గిదంతా మీకు ముందే ఎరుకనా మేడం?"

"చెప్తే వినరు, చూస్తే చేస్తరు మీరు. ఇగ రోజూ రావాలె గావచ్చు," అని నవ్వి, పల్లీల పొట్లం చాపారు.

రోజూ వచ్చారు, పదవీ విరమణ దాకా.

ఆ సాయంత్రం తాండూరు బండి వచ్చింది, నేనెక్కాను. కదిలే కిటికీలోంచి చూస్తే, ఒడిలో సంచి, చేతిలో పల్లీలు, ఎక్కడికీ వెళ్లనక్కరలేని మనిషి తీరికతో, ఆమె బండి మొత్తానికీ చెయ్యి ఊపుతున్నారు.