ధర్మవ్వకు పోయని నీళ్లు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే మాటల అబద్ధం. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడి మనసులో అనుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది తరిగొప్పుల దగ్గర భూములున్న ఇల్లు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతపడ్డాక నా చదువు మళ్లీ సాగలేదు. పెళ్లి చేశారు. ఆయన తొందరగానే పోయాడు. పుట్టింట్లో వదినల మాటలు పడలేక, జనగామలో ముసలివాళ్ల ఆశ్రమంలో పనికి చేరాను. మంచం దిగలేనివాళ్లను, చూసే దిక్కు లేనివాళ్లను అక్కడ ఉంచుకునేవారు. ఊళ్లోని పెద్దమనుషులు కొందరు చందాలు వేసుకుని నడిపేవారు. ఆడవాళ్ల గది నా చేతికింద ఉండేది.

నాకు శుభ్రం పిచ్చి. పక్క తడిసిందంటే ఒళ్లు మండేది. ఎండాకాలం బావి అడుగంటితే దుప్పట్లు ఉతకడానికి నీళ్లు చాలేవి కావు. అప్పుడు నేనో ఉపాయం కనిపెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక మంచాల పక్కనున్న చెంబులన్నీ తీయించి, చెయ్యి అందకుండా కిటికీల మీద పెట్టించేదాన్ని. పొద్దుగూకాక మందుబిళ్లతో పాటు నాలుగు గుక్కలు. మళ్లీ తెల్లారాకే. ఇది నన్నెవరూ చెయ్యమనలేదు. మేనేజరు పక్కలు పొడిగా ఉండాలన్నాడు, అంతే. అది ఎలాగో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

పక్కలు పొడిగానే ఉన్నాయి. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు గదిలో వాసనే లేదని మెచ్చుకుంటే ఉబ్బిపోయాను. ముసలివాళ్ల పెదవులు పగిలాయి. పగలంతా మగతగా పడి ఉండేవారు. బుద్ధిగా పడుకుంటున్నారని సంతోషపడ్డాను. నిజంగా తెలియలేదా నాకు? తెలియకపోవడం నాకు సుఖంగా ఉందా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా, రెండోదే నిజమనిపిస్తుంది.

ధర్మవ్వది కొడకండ్ల అవతల ఒక తండా. తుంటి విరిగింది. కూతురు కమిలి కూలిపనికి పట్నం పోతూ, దవాఖానవాళ్లు చెబితే, తల్లిని మా దగ్గర దించింది. వానలకు ముందే వచ్చి తీసుకుపోతానంది. ధర్మవ్వకు తెలుగు బాగానే వచ్చు. నొప్పి ఎక్కువైతే మాత్రం తన భాషలోకి వెళ్లిపోయేది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. సాయంత్రం పెద్దమనుషులు వస్తున్నారని కబురు. ధర్మవ్వ అన్నం ముట్టలేదు. ఒళ్లు కాలుతోంది. "పాణి" అంది. చిన్నప్పుడు మా చేలో కలుపు తీసే తండా ఆడవాళ్లకు బిందె మోసుకెళ్లి నీళ్లు పోసింది నేనే. ఆ మాట నాకు కొత్త కాదు. నాకు తెలియలేదనుకుందో ఏమో, తెలుగులో కూడా అడిగింది. "దూపైతంది బిడ్డా" అని కిటికీ మీది చెంబు వైపు చెయ్యి చాపింది.

"పక్క తడుపుతవ్ అవ్వా. జర పొద్దుగూకనియ్యి" అన్నాను.

కసురుకోలేదు. రోజూ అనే మాటే, రోజూ లాగే అన్నాను. కోపంలో అన్న మాటైతే ఇంత బాధ ఉండేది కాదేమో. ఆరిన దుప్పట్లు మడత పెట్టడానికి పక్కగదిలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ప్రాణం లేదు. చెయ్యి మంచం పట్టె మీద నుంచి కిటికీ వైపు వేలాడుతోంది. పక్క పొడిగానే ఉంది.

డాక్టరు వయసు అన్నాడు, వడదెబ్బ అన్నాడు. కావచ్చు. ఆ నీళ్లు పోసి ఉంటే బతికేదా? నాకు తెలియదు. బతకకపోయినా దూపతో పోయేది కాదు. ఆ సంగతి తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు.

తండావాళ్లు వచ్చి శవాన్ని తీసుకుపోయారు. కబురు ఆలస్యంగా అంది, అన్నీ అయిపోయాక కమిలి వచ్చింది. ఖాళీ మంచం మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"మా అమ్మ ఏమన్న అడిగిందా అమ్మా?"

"ఏం అడగలే. నిద్రల పోయినట్టే పోయింది."

"ఆఖరికి నోట్ల నీళ్లెవరు పోసిండ్రు?"

అప్పుడైనా నోరు మూసుకుని ఉండవలసింది.

"నేనే పోసిన."

"మింగిందా?"

"మింగింది."

కమిలి తలమీది ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. "నేను పొయ్యాల్సిన నీళ్లు నువ్వు పోసినవు. ఇగ నువ్వు నాకు అక్కవే" అంది.

మర్నాటి నుంచి చెంబులు తీయించడం మానేశాను. ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పలేదు. పక్కలు తడిశాయి, నేను సోమరినయ్యానన్నారు. కొంతకాలానికి పని మానేసి మా ఊరు వెళ్లిపోయాను. చెప్పి ఉంటే ఆ పద్ధతి తప్పని నా తర్వాత వచ్చినవాళ్లకు తెలిసేది. నేను వెళ్లాక చెంబులు మళ్లీ కిటికీ ఎక్కాయేమో, ఆ ఆలోచన ఇప్పటికీ వదలదు.

కమిలి మాత్రం నన్ను వదల్లేదు. ఏటా మక్క కంకులు మూటగట్టుకుని మా ఇంటికి వచ్చేది. అందరి ముందూ అక్కా అని పిలిచేది. మా అమ్మకు నీళ్లు పోసిన చెయ్యి అని తన పిల్లలతో నా కాళ్లు మొక్కించింది. మొక్కించుకున్నాను. ఆ కంకులు కాల్చుకుని తిన్నాను.

కొన్నేళ్లకు కమిలికి కామెర్లు ముదిరాయి. నన్ను చూడాలంటోందని కబురొస్తే తండాకు వెళ్లాను. మాట సరిగ్గా రావడం లేదు. "నాకు గూడ నువ్వే పొయ్యి అక్కా" అంది. ఆమె పిల్లలు పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. చెంచాతో పోశాను. మింగింది. నన్నే చూస్తోంది. నిజం చెప్పేద్దామని చెవి దగ్గరికి వంగాను కూడా. పోయేముందు ఆ ఒక్క నమ్మకమైనా ఎందుకు లాక్కోవాలి అనుకున్నాను. అది దయ అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు, భయం. ఆ చూపు మారిపోతుందని భయం.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించగలిగిన ఇద్దరూ లేరు. ఇంత రాశాక గుండెలో కాస్త చోటు దొరికినట్టుంది, అంతే. కమిలి ఆ రోజు అడిగిన వాటికి జవాబులు ఇప్పుడు చెబుతున్నాను.

మీ అమ్మ నీళ్లడిగింది కమిలీ. నేను పొయ్యలేదు.