ఆల్బట్రాస్ కోసం తిరిగిన ఓడ

2005లో నేను ఒక సరుకు ఓడలో సెకండ్ ఆఫీసర్‌ని. ఓడ వెళ్ళాల్సిన దారిని చార్టు మీద గీయడం, నా వంతు వచ్చినప్పుడు బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో నిలబడి కాపలా కాయడం నా పని. అర్జెంటీనాలో సోయా ఎక్కించుకుని, ఆఫ్రికా కొసకి దక్షిణంగా తూర్పు వైపు వెళ్తున్నాం. మాది బాపట్ల. ఆ ఓడలో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరే, వంట చేసే మస్తాన్ గారు. ఆయనది రేపల్లె. నలుగురిలో నన్ను సార్ అనేవారు. గ్యాలీలో, అదే ఓడ వంటగదిలో, మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం నేను అబ్బాయిని, ఆయన బాబాయ్.

ఆ సముద్రంలో పడమటి గాలికి విరామం ఉండదు. ఆల్బట్రాస్‌లనే పెద్ద సముద్రపు పక్షులు ఆ గాలి మీదే బతుకుతాయి. రెక్కలు చాపితే ఇద్దరు మనుషులు చేతులు బార్లా చాపి పక్కపక్కన నిలబడ్డంత ఉంటాయి. అంత రెక్కనీ ఆడించకుండా గంటల తరబడి ఓడ వెంట వస్తాయి. కూరగాయల తొక్కు పారబోయడానికి వెనక డెక్ మీదికి వచ్చినప్పుడల్లా మస్తాన్ గారు వాటిని పలకరించేవారు. "ఏంటమ్మా, ఇవాళ ఆలస్యమైందే" అనడం నేను చాలాసార్లు విన్నాను.

ఒక మధ్యాహ్నం వాటిలో ఒకటి క్రేను తీగకి తగిలి డెక్ మీద పడింది. డెక్ పనివాళ్ళకి పెద్దయిన బోసన్, ఫిలిప్పీన్స్ మనిషి, దాని మీద దుప్పటి కప్పి జాగ్రత్తగా ఎత్తాడు. ఎముకలేవీ విరగలేదు. సరుకు గదుల మీద వెడల్పాటి ఇనుప మూతలుంటాయి, వాటిని హ్యాచ్ కవర్లంటాం. ఒకదాని మీద పెడితే పక్షి బాతులా నాలుగడుగులు పరిగెత్తి బోర్లా పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది.

అది బరువైన పక్షి. ఎదురుగాలిలో పరిగెత్తితే తప్ప పైకి లేవదు. మా ఓడేమో గాలితోపాటే పోతోంది, డెక్ మీద గాలి ఆడడం లేదు. ఓడని వెనక్కి తిప్పి గాలికి ఎదురుగా పెట్టాలి.

పక్క నుంచి నీళ్ళలోకి వదిలేద్దామన్నాడు బోసన్. మస్తాన్ గారు ఒప్పుకోలేదు. "కింద ప్రొపెల్లర్ తిరుగుతోంది సార్. వద్దండి" అని నాతో అన్నారు. చేప ముక్కలు తెచ్చి దాని ముందు పెట్టారు. అది తినలేదు సరికదా, ఈ పక్షుల కడుపులో ఊరే కంపు నూనెనంతా ఆయన ఏప్రాన్ మీద కక్కింది. ఆ వాసన ఎన్ని ఉతుకులకీ పోలేదు. "భయపడింది పాపం" అన్నారాయన, ముక్కు మూసుకుని.

మర్నాటికి పక్షి తల ఎత్తడం మానేసింది.

"కెప్టెన్‌ని అడుగు అబ్బాయ్."

"పక్షి కోసం ఓడ తిప్పమనా? ఈ అలలకి అడ్డం తిరిగితే ఎంత ఊగుతుందో మీకు తెలీదా బాబాయ్?"

"తెలుసు. నువ్వడక్కపోతే నేనే అడుగుతా."

చేతులు కడుక్కుని, ఏప్రాన్ విప్పేసి, ఆయన బ్రిడ్జి మెట్లెక్కారు. నేనూ వెనకే వెళ్ళాను. కెప్టెన్ గోవా మనిషి, మితభాషి. ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకున్నారు.

"ఏంటి మస్తాన్, వంటనూనె అయిపోయిందా?"

"లేదు సార్. ఆ పక్షి చచ్చిపోయేట్టుంది. ఒక్కసారి ఓడని గాలికి తిప్పండి సార్."

కెప్టెన్ నా వైపు చూశారు. "నువ్వేమంటావు?"

"ఇప్పుడైతే ప్రమాదం సార్. సాయంత్రానికి అల తగ్గొచ్చు. తగ్గితే తిప్పొచ్చు."

ఆయన బైనాక్యులర్స్ తీసుకుని చాలాసేపు సముద్రం వైపు చూశారు. "పక్షిని పంపించడానికి వెనక్కి తిరిగామని ఆఫీసుకి చెప్పనా?" అన్నారు. మళ్ళీ ఆయనే, "మ్యాన్ ఓవర్‌బోర్డ్ డ్రిల్ చెయ్యాల్సి ఉంది కదా. అల తగ్గాక చేసేద్దాం. మస్తాన్, గిన్నెలు కట్టేసుకో" అన్నారు. మనిషి నీళ్ళలో పడితే ఓడని తిప్పి వెనక్కి వెళ్ళడం ఎలాగో సాధన చెయ్యడమే ఆ డ్రిల్.

సాయంత్రం అల కొంత దిగింది. అలారం మోగించి చుక్కాని తిప్పించాను. ఓడ అలకి అడ్డం వచ్చినప్పుడు ఒక పక్కకి బాగా ఒరిగింది. గ్యాలీలో ప్లేట్లు పగిలిన చప్పుడు బ్రిడ్జి దాకా వినిపించింది. తర్వాత ముక్కు పడమటికి తిరిగింది, గాలి ఒక్కసారిగా డెక్‌ని కొట్టింది.

హ్యాచ్ కవర్ మీద ఉన్న పక్షి మీంచి మస్తాన్ గారు దుప్పటి తీశారు. పక్షి తల ఎత్తింది. ఒక రెక్క విప్పింది, తర్వాత రెండోది. గాలికి ఎదురుగా పరుగు మొదలుపెట్టి, కవర్ అంచు దాకా వెళ్ళి, పక్కకి ఒరిగి, ఓడ అంచు కింద కనపడకుండా పోయింది. కెప్టెన్ బైనాక్యులర్స్ ఎత్తారు.

"అదిగో" అన్నారు కెప్టెన్.

దూరంగా ఒక అల మీంచి అది పైకి లేచింది. డెక్ మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. మస్తాన్ గారు మాత్రం దుప్పటి ఒళ్ళో పెట్టుకుని హ్యాచ్ కవర్ మీద కూలబడిపోయారు.

పగిలిన ప్లేట్లు ఏరడానికి సాయం వెళ్ళినప్పుడు, "చనిపోయిన నావికులు ఆల్బట్రాస్‌లవుతారని బోసన్ అంటున్నాడు. మీరూ నమ్ముతారా బాబాయ్?" అని అడిగాను.

"లేదు. పోయినవాళ్ళు పోయినట్టే" అన్నారు. పగిలిన ముక్కలు బుట్టలో వేస్తూ చెప్పారు. "వెనకటి ఓడలో నా క్యాబిన్‌లో చీరాల అతను ఉండేవాడు. అలకి కొట్టుకుపోయాడు. ఓడ తిప్పి చీకటిపడేదాకా వెతికాం, దొరకలేదు. అప్పట్నుంచి ఓడ వెనక్కి తిరిగిందంటే నాకు అతనే గుర్తొస్తాడు. తిరిగినా ఉపయోగం ఉండదనిపిస్తుంది. ఇవాళ ఉపయోగపడింది అబ్బాయ్."

మర్నాడు మా వెంట వచ్చిన పక్షుల్లో మనది ఇదేనంటూ ఆయన ఒకదాన్ని చూపించారు. నాకన్నీ ఒకేలా కనిపించాయి. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

తర్వాత ఒకసారి సెలవులో, తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్ళి, వాళ్ళింట్లో భోంచేశాను. "ఓడ తిప్పింది మీరేనా బాబూ?" అని ఆయన భార్య అడిగారు.

"అడిగింది ఈయనండి. సరేనన్నది కెప్టెన్."

"ఈయన అడిగాడా? ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా అడగడండి" అని ఆమె నవ్వారు. మస్తాన్ గారు తలొంచుకుని అన్నం కలుపుకున్నారు.

ఇప్పుడు నేనూ కెప్టెన్‌నే. ఏదైనా అడగడానికి ఎవరైనా బ్రిడ్జి మెట్లెక్కి వస్తే, కుదరదని నోటిదాకా వచ్చినా ఆగుతాను. ఇప్పుడు కాకపోయినా సాయంత్రానికైనా కుదురుతుందేమో చూస్తాను. చాలాసార్లు కుదురుతుంది.